ముక్తాబాయి వ్యాసానికి ఎన్ని మార్కులు?

2025 నుంచి మా తెలంగాణ బడుల్లో జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా సర్కారే జరుపుతున్నది. సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజది. ఫోటోకు దండ వేస్తాం, కొబ్బరికాయ కొడతాం, ఆడ టీచర్లకు శాలువలు కప్పుతారు. పూజారి లేకుండా పెండ్లిళ్ళు చేసుకొమ్మని చెప్పిన సత్యశోధక సమాజపు మనిషి ఫోటో ముందర కొబ్బరికాయ ఏందని అడిగితే "ఆనవాయితీ మేడం" అంటారు. పోనీయండి. దండ వేయడం మీద నాకు పేచీ లేదు. సరస్వతి తప్ప ఇంకో ఆడమనిషి బొమ్మ ఎరుగని గోడ మీదికి ఒక మాలి కులపు స్త్రీ ఎక్కిందంటే, దాని వెనక దళిత, బహుజన సంఘాలు ఎన్నేండ్లు కొట్లాడినయో మనకు తెలుసు.

నా పేచీ దండ వేసినంక మాట్లాడే మాటలతోటి. చదువుల తల్లి. ఓర్పుకు మారుపేరు. భర్త అడుగుజాడల్లో నడిచిన ఇల్లాలు. బడికి పోయే తొవ్వలో పేడ, రాళ్ళు విసిరితే సంచిలో ఇంకో చీర పెట్టుకొని పోయింది. ఈ చీర సంగతి లేకుండా ఏ ఉపన్యాసమూ ముగియదు. పేడ విసిరినోళ్ళు ఎవరో మాత్రం చెప్పరు. "కొందరు ఛాందసులు" అంటారు, ఛాందసులకు కులం లేనట్టు. ఆ చీర మార్చుకొని ఆమె లోపలికి పోయినంక అక్కడ కూసున్న పిల్లలు ఎవరు, వాళ్ళు ఏం నేర్చుకున్నరు, నేర్చుకొని ఏం చేసిన్రు అన్నది అసలే అడగరు. చదువు చెప్పినామె దేవత అయింది. చదువుకున్న పిల్ల లెక్కలోకే రాలేదు.

ఆ పిల్లల్లో ఒకామె పేరు ముక్తాబాయి. మాంగ్ కులం. మాంగులంటే మహారాష్ట్రలో మన మాదిగలకు అన్నదమ్ముల లెక్క. తాళ్ళు పేనడం, చీపుర్లు కట్టడం, డప్పు కొట్టడం వాళ్ళ పనులు. ఫూలే దంపతులు పుణెలో ఆడపిల్లలకు మొదటి బడి పెట్టింది 1848లో. మహర్, మాంగ్ పిల్లల కోసం వేరే బడి మొదలైంది 1852లో. ఫూలేల బడిలో చదువుకున్న పద్నాలుగేండ్ల ముక్తాబాయి, మహర్ మాంగుల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. క్రైస్తవ మిషనరీల మరాఠీ పత్రిక 'జ్ఞానోదయ' దాన్ని 1855 ఫిబ్రవరి, మార్చి సంచికల్లో అచ్చేసింది. సావిత్రీబాయి కవితల పుస్తకం 'కావ్యఫూలే' వచ్చింది 1854లో. అంటే పంతులమ్మ పుస్తకం వెనకనే శిష్యురాలి వ్యాసం వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మనకు రాలేదు.

నేను చదువుకున్న ఏ తెలుగు వాచకంలోనూ ముక్తాబాయి లేదు. ఎం.ఏ.లో ఉన్నప్పుడు లైబ్రరీలో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో దొరికింది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉండి పనిచేసినోళ్ళే. నాకు ఇంగ్లీషు కొరుకుడు పడని రోజులవి. డిక్షనరీ పక్కన పెట్టుకొని నాలుగు పేజీలు మూడు రోజులు చదివిన. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనే మొదలు. నాకంటే ముందు మా కులపు ఆడపిల్ల ఒకతె నూట యాభై ఏండ్ల కింద కలం పట్టిందని తెలిసినప్పుడు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?

ఇప్పుడు వ్యాసం సంగతి. ముక్తాబాయి దేవుణ్ణి తలుచుకొని మొదలుపెడుతుంది. పశువు కంటే హీనంగా చూడబడ్డ తనలాంటిదానికి రాయడానికి ధైర్యం ఇచ్చినందుకు దండం పెడుతుంది. ఇది చూసి కొందరు "భక్తితో మొదలైంది" అని అక్కడే ఆగిపోతారు. రెండో అడుగులోనే ఆమె దేవుణ్ణి బోనులో నిలబెడుతుంది. వేదాలు మావి మాత్రమే అని బ్రాహ్మలు చెబుతున్నరు గదా, అయితే మాకు గ్రంథం లేనట్టే గదా, గ్రంథం లేనోళ్ళకు మతం ఎక్కడిది, మా మతం ఏదో నువ్వే చెప్పు స్వామీ అని అడుగుతుంది. ఒక్కడికే గౌరవం ఇచ్చి మిగతా అందరినీ వంచించే మతం ఈ భూమి మీద లేకుండా పోవాలంటుంది. ఎదుటివాడి మాటనే పట్టుకొని, దాని చివరిదాకా పోయి, వాడి మెడకే చుట్టడం తర్కంలో ఒక పద్ధతి. పద్నాలుగేండ్ల మాంగ్ పిల్ల ఆ పద్ధతి పట్టుకున్నది. దీన్ని "వేదన" అని, "ఆక్రందన" అని పిలిచే విమర్శకులంటే నాకు చికాకు. మనం వాదిస్తే అది వాళ్ళకు ఏడుపు లెక్కనే వినబడుతది.

తర్వాత పీష్వా బాజీరావు కాలం సంగతులు. సాముగరిడి ముందర నుంచి మహరో మాంగో నడిచిపోతే తల నరికి, కత్తులను కర్రలు చేసుకొని ఆ తలతో బంతాట ఆడేవాళ్ళని రాస్తుంది. సింధూరం కలిపిన నూనె తాగించి భవంతుల పునాదుల్లో మనుషులను పాతిపెట్టిన సంగతి రాస్తుంది. కుంటి గాడిదను కొడితే దాని యజమాని అడుగుతడు, మమ్మల్ని కొట్టొద్దని అడిగే దిక్కెవరని నిలదీస్తుంది. ఈ మాటలన్నీ ఆమె ఎక్కడ నేర్చింది? ఏ పుస్తకంలోనూ కాదు. పీష్వాల రాజ్యం పోయింది 1818లో. ఆమె రాసింది 1855లో. ఇంట్లో ముసలోళ్ళు చెప్పగా విన్న ముచ్చట్లే అయి ఉండాలె. వాడలో తిరిగే ఆ మాట, బడిలో నేర్చిన అక్షరంతోటి కలిసి కాగితం మీదికి వచ్చింది. అక్షరాలు నేర్పిన పంతుళ్ళు, వాడ మాటలు వదిలేసి రమ్మని ఆమెకు చెప్పలేదు. సావిత్రీబాయి గొప్పతనం నాకు ఇక్కడ కనబడుతుంది. పేడ తుడుచుకున్న చీర కంటే ఇక్కడనే ఎక్కువ కనబడుతుంది.

వ్యాసంలో నన్ను అన్నిటికంటే పట్టి ఆపింది కాన్పుల మాట. మహర్ మాంగ్ ఆడోళ్ళకు కాన్పు సమయంలో నెత్తి మీద కప్పు ఉండదు, వానకూ చలికీ నానుతరు, రోగమొస్తే మందుకు పైసలుండవు, ఉట్టిగ మందిచ్చే మనసున్న వైద్యుడు మీలో ఎవడన్న ఉన్నడా అని అడుగుతుంది. మీ అనుభవం మీద పెట్టి ఆలోచించండి అంటుంది. తారాబాయి షిండే 'స్త్రీపురుష తులన' వచ్చింది 1882లో. దానికి ఇరవై ఏడేండ్ల ముందే ఈ పిల్ల ఆడదాని కాన్పును కులంతోటీ, గుడిసె కప్పుతోటీ, డాక్టరు ఫీజుతోటీ కలిపి చూసింది. మన దగ్గర 1990లలో స్త్రీవాద కవిత్వం మీద పెద్ద చర్చ నడిచినప్పుడు దళిత స్త్రీలు అడిగింది ఇదే గదా. వంటిల్లు జైలని మీరు రాస్తున్నరు, నిజమే. వంటింటికి గోడలే లేని ఆడోళ్ళు మీ కవితలో యాడున్నరు? ఆ ప్రశ్న అడిగినందుకు ఉద్యమాన్ని చీలుస్తున్నరని నింద మోసిన్రు. 1855లోనే అడిగిన ప్రశ్న అది.

తెలుగు పంతులమ్మగా వ్యాసాలు దిద్దడం నా పని. పీఠిక, విషయ విశ్లేషణ, ముగింపు, మధ్యలో రెండు సూక్తులు. విషయాలు ఎట్లుంటయో మీకు తెలుసు: పరిశుభ్రత, సమయపాలన, చెట్లు మన మిత్రులు. ఈ కొలతల్లో ముక్తాబాయి వ్యాసం నా బల్ల మీదికి వస్తే ఎన్ని మార్కులు పడతయి? విషయం వదిలి దూరం పోయింది అంటారు. ఆవేశం ఎక్కువ అంటారు. బ్రాహ్మణుల ఇంటిపేర్లు పెట్టి రాసింది, తీసేయమంటారు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. నేను పనిచేసిన ఒక బడిలో మండల స్థాయి వ్యాస పోటీకి 'మా ఊరి పండుగ' అన్న విషయం ఇచ్చిన్రు. ఎనిమిదో తరగతి మాదిగ పిల్ల ఒకతె బతుకమ్మ గురించి రాసింది. ఊరోళ్ళ బతుకమ్మ గుడి ముందర, మా బతుకమ్మ చెరువు ఆ కట్టకు అని రాసింది. తెల్లారి బజార్ల రాలిన పూలన్నీ ఊడ్చేది మా అమ్మనే, మా అమ్మ ఊడ్చే పూలల్లో మా పూలు ఉండవు అని రాసింది. నాకు తెలిసి ఆ పోటీకి వచ్చిన కాగితాల్లో చూసి రాసింది ఆమె ఒక్కతే, మిగతావన్నీ గైడులోంచి దించినవే. "నెగెటివ్‌గా ఉంది మేడం, పైకి పంపితే మన స్కూలుకు మాట వస్తది" అన్నరు. తగువు పడ్డ. పంపలేదు. చెట్లమీద రాసిన వ్యాసం పోయింది, దానికి మూడో బహుమతి కూడా వచ్చింది.

చదువు అంటే మన పిల్లలు వాళ్ళ భాష నేర్చుకొని వాళ్ళ మాటలు మాట్లాడటం అని బడి అనుకుంటది. ముక్తాబాయి బడి ఇంకోటి అనుకున్నది.

ఆమె వ్యాసం మీద ఇంకో ఆక్షేపణ ఉంది. చివర్లో ఇంగ్లీషు పాలన వల్ల కలిగిన మేలు గురించి రాసింది. మిషనరీ పత్రికలో రాసింది కాబట్టి పొగిడింది అని కొట్టిపారేసే దేశభక్తులున్నరు. మా స్టాఫ్‌రూములోనే విన్న. సరే, ఏం పొగిడిందో చూడండి. తలలు నరకడం ఆగిపోయింది. పునాదుల్లో పాతిపెట్టడం ఆగిపోయింది. ఇదివరకు మాంగ్ మంచిబట్ట కడితే దొంగిలించినవని చెట్టుకు కట్టి కొట్టేవాళ్ళు, ఇప్పుడు పైసలుంటే ఎవరైనా బట్ట కొనొచ్చు. బజారుకు పోవచ్చు. ఇది రాణిగారికి మంగళహారతి కాదు, దెబ్బల లెక్క. ఏ దెబ్బ ఆగింది, ఏది ఆగలేదు అని రాసుకున్న లెక్క. అంటరానితనం కొన్ని చోట్లనే ఆగిందని కూడా రాస్తుంది. మమ్మల్ని ఇంకా ద్వేషించేవాళ్ళు ఉన్నరని రాస్తుంది.

మా అవ్వ చిన్నప్పుడు మా ఊరి గడీ ముందర నుంచి పోవాలంటే చెప్పులు చేతుల పట్టుకొని పోయేదట. "సంగపోళ్ళు వచ్చినంకనే బిడ్డా, చెప్పులు కాళ్ళకెక్కింది" అనేది. సంఘం పెద్దల పేర్లు ఆమెకు తెల్వదు, సిద్ధాంతం తెల్వదు. చెప్పులు కాళ్ళకెక్కిన ఏడు తెలుసు. కింద పడి ఉన్నోళ్ళు చరిత్రను అట్లనే గుర్తుపెట్టుకుంటరు. దాన్ని పట్టుకొని అవ్వ దేశభక్తిని కొలవడానికి వచ్చేవాడు ముందు గడీ ఎవరిదో చెప్పాలె.

వ్యాసం ముగింపులో ముక్తాబాయి మహర్ మాంగులను పిలిచి, మీ పేదరికానికీ రోగానికీ జ్ఞానమే మందు అంటుంది. తన వాళ్ళను బహువచనంలో పిలిచి, ఏం చేయాలో చెప్పింది. దీన్ని నాయకత్వం అంటాం. ఆ తర్వాత ఆమె రాసిందేదీ మనకు దక్కలేదు. ఒక్క వ్యాసం.

సావిత్రీబాయి తర్వాత వరుసలో చదువు చెప్పినవాళ్ళనే చూడటం మన చరిత్రకారుల అలవాటు గనుక, చదువుకున్న అంటరాని స్త్రీయే బడి పెట్టిన కథ వెనకబడిపోయింది. జాయీబాయి చౌధరి నాగపూర్ దగ్గర మహర్ కులంలో 1892లో పుట్టింది. నాగపూర్ నుంచి కాంప్టీ దాకా నెత్తి మీద మూటలు మోసిన కూలి. ఒక మిషనరీ ఆమె చేత చదువు కొనసాగించి బడిలో టీచరు పని ఇప్పించింది. ఆమె చేతి నీళ్ళు మా పిల్లలు తాగాల్నా అని పైకులపోళ్ళు గొడవ చేస్తే ఆ కొలువు పోయింది. 1922లో ఆమె సంత్ చోఖామేళా పేరు మీద ఆడపిల్లల బడి తానే పెట్టింది. 1937 డిసెంబరులో అఖిల భారత మహిళా సభ నాగపూర్‌లో జరిగితే ఆమెను పిలిచిన్రు. భోజనాల దగ్గర వేరే కూసోబెట్టిన్రు. ఆ వారంలోనే దళిత స్త్రీలు నిరసన సభ పెట్టుకున్నరు. మన మధ్యాహ్న భోజనం వంటామె చేతి అన్నం పిల్లలు తినకుండ లేచిపోయిన వార్తలు పేపర్లలో చదివినప్పుడల్లా నాకు జాయీబాయి చేతి నీళ్ళు గుర్తొస్తయి.

ఇట్లాంటి ఆడోళ్ళను వెతికి, బతికున్నోళ్ళ దగ్గర కూసోని మాట్లాడి, 1989లో ఊర్మిళా పవార్, మీనాక్షీ మూన్ మరాఠీలో పుస్తకం చేసిన్రు. 'ఆమ్హీహీ ఇతిహాస్ ఘడవలా', మేమూ చరిత్ర నడిపినం అని. ఆ 'మేమూ'లోని దీర్ఘం ఎవరిని ఉద్దేశించిందో ఆలోచించండి. బ్రాహ్మణ చరిత్రకారులను ఒక్కళ్ళనే కాదు. 1942 జూలైలో నాగపూర్‌లో అణగారిన వర్గాల మహిళల అఖిల భారత మహాసభ జరిగింది. సమాజ ప్రగతిని స్త్రీల ప్రగతితో కొలుస్తానని బాబాసాహెబ్ అన్నది ఆ సభలోనే. ఆ మాట ఇవాళ మన ప్రతి సంఘం క్యాలెండర్ మీద ఉంది. ఆ సభకు అధ్యక్షత వహించినామె సులోచనాబాయి డోంగ్రే. ఈ పేరు ఏ క్యాలెండర్ మీద ఉంది? ఆ సభ ఆడోళ్ళు పెట్టుకున్నది. విడాకుల హక్కు కావాలని, ఒకడు ఇద్దరిని చేసుకోవద్దని, కూలి చేసే ఆడోళ్ళకు సెలవులుండాలని తీర్మానాలు చేసింది ఆడోళ్ళు. మనకు మిగిలింది అతిథి మాట్లాడిన ఒక్క వాక్యం. బాబాసాహెబ్ ఈ సంగతి వింటే సంతోషించడు. మన అన్నలకు ఇది చెబితే "ఇప్పుడు ఈ విభజన అవసరమా చెల్లె" అంటారు. పైకులపు అక్కలు మనతో అన్న మాట, పదాలు కూడా మారలేదు.

మన దగ్గరికి వస్తే సికింద్రాబాద్ గల్లీలనుంచి ఇద్దరు వచ్చిన్రు. జె. ఈశ్వరీబాయి టీచరు పని చేసింది, గీతా విద్యాలయం పేరుతో బడి పెట్టింది, చిలకలగూడ నుంచి మున్సిపల్ కౌన్సిలర్ అయింది, రిపబ్లికన్ పార్టీలో నాయకురాలైంది. టి.ఎన్. సదాలక్ష్మి పాకీపని చేసే మెహతర్ కులం నుంచి వచ్చి 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉప సభాపతి అయింది, దేవాదాయ శాఖ మంత్రిగా చేసింది. గుడి మెట్లెక్కనీయని కులపు ఆడమనిషి గుళ్ళ లెక్కలు అడిగే కుర్చీలో కూసున్నది. 1967లో ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఈ ఇద్దరూ ఒకరి మీద ఒకరు నిలబడితే ఈశ్వరీబాయి గెలిచింది. దీన్ని "దళితులే దళితులను ఓడించుకున్నరు" అని చెప్పేవాళ్ళను విన్న. రెడ్డి మీద రెడ్డి నిలబడితే ప్రజాస్వామ్యం, మనకైతే కొట్లాట.

సదాలక్ష్మి బతుకును గోగు శ్యామల 'నేనే బలాన్ని' పేరుతో 2011లో పుస్తకం చేసింది. నాకు ఆ పుస్తకం విలువ అందులో మంత్రి పదవి వల్ల రాలేదు. ఒక దళిత స్త్రీ నాయకురాలి ఎదుట ఇంకో దళిత స్త్రీ కూసోని అడిగి రాసుకున్నది. 'త్యాగమూర్తి', 'సేవాతత్పరురాలు' అనే మాటలకు అక్కడ చోటు దొరకదు. సదాలక్ష్మికి అభిప్రాయాలున్నయి, పంతాలున్నయి, గాంధీ మీద, కాంగ్రెస్ మీద, తన పక్కనున్న మగ నాయకుల మీద మాట ఉంది. ముసలితనంలో మాదిగ దండోరా సభలకు వచ్చి నిలబడ్డది. మాదిగ కాకున్నా వచ్చింది. శ్యామలే 2003లో 'నల్లపొద్దు' తెచ్చి 1921 నుంచి 2002 దాకా తెలుగు దళిత స్త్రీల రాతలను ఒక్కచోట పెట్టింది. యూనివర్సిటీల్లో పిహెచ్.డి. చేసే తమ్ముళ్ళు, చెల్లెండ్లు ఆ రెండు పుస్తకాలను ఉపపత్తిలో ఒక పేరాకు ఒదిగించి వదిలేస్తున్నరు. కనీసం ఆ మాట్లాడే తీరు మీద, ప్రశ్న అడిగిన తీరు మీద ఒక అధ్యాయం రాయొచ్చు గదా.

ముక్తాబాయి వ్యాసాన్ని నేను మా ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో రాసుకున్న. సిలబస్‌లో లేదు గనుక రెండు శనివారాలు చదివి వినిపించిన. తలలతో బంతాట దగ్గర పిల్లలు చప్పుడు చేయలేదు. మగపిల్లలు ఇద్దరు ముగ్గురు పీష్వా అంటే సినిమాలో మంచోడు గదా టీచర్ అన్నరు. దాని మీద కొంచెం సేపు మాట్లాడుకున్నం. ఎక్కువ మాటలు వచ్చింది మాత్రం డాక్టరు సంగతి మీద. వాళ్ళ అక్క కాన్పుకు పోతే ఆటో దొరకని సంగతి ఒకతె చెప్పింది. ఆస్పత్రిలో మంచం ఇచ్చే ముందు యే వాడ అని అడిగిన్రని ఇంకొకతె చెప్పింది. కాగితాలు తీసుకొని రాయమన్న. మార్కులు లేవని చెప్పిన.